ఫ్లెక్సీ మీద దీపం

మా కాలనీలో ఈ సంగతి ఎవరు చెప్పినా ఒక్క తీరుగానే చెబుతారు. "మా దగ్గర ఒక జవాను కుటుంబం అద్దెకుంటోంది. ఆయనకు సరిహద్దులో పెద్ద దెబ్బ తగిలింది. కాలనీ అంతా ఒక్కటై చందాలు వేసుకుని ఆయన భార్యను విమానం ఎక్కించి పంపాం. శంషాబాద్‌లో ఉంటే అదే లాభం, విమానం గుమ్మంలోనే!" చెప్పేవాళ్ళు ఈ చివరి మాట దగ్గర నవ్వుతారు. వినేవాళ్ళు తలూపుతారు.

ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించమంటే కష్టమే. జవాను ఉన్నాడు. దెబ్బ తగిలింది. అది సరిహద్దులో కాదు, కొండదారిలో బండి జారి లోయలో పడింది. సరిహద్దు అనకపోతే చందాలు రాలవు కాబట్టి ఆ ఒక్కటీ వాళ్ళకు వదిలేస్తున్నాను. చందాలు పోగైన మాట నిజం, ఆ అమ్మాయి విమానం ఎక్కిన మాటా నిజం. కానీ రెండు నిజాలను పక్కపక్కన నిలబెట్టినంత మాత్రాన ఒకదానివల్ల రెండోది జరిగినట్టు కాదు. ఆడపిల్లల కాలేజీలో ఏళ్ళ తరబడి చరిత్ర పాఠం చెప్పినదాన్ని, ఆ మాత్రం తేడా నాకు తెలుసు. ఆమె చందాల వల్ల విమానం ఎక్కలేదు. చందాలు వేసినవాళ్ళను కాదని ఎక్కింది.

ఆ అమ్మాయి మా మేడమీది వాటాలో ఉంటుంది, తనూ, రెండో తరగతి చదివే కూతురూ. వాళ్ళది మంఖాల్. అత్తగారు ఊళ్ళోనే ఉంటుంది. పిల్ల చదువు కోసమని ఈమె ఇక్కడ గది తీసుకుని, కాటేదాన్‌లో బిస్కెట్లు ప్యాక్ చేసే పనికి వెళ్ళేది. భర్త సిపాయి. సెలవు మీద వస్తే మొదటి రోజు నిద్రపోతాడు, రెండో రోజు మా నీళ్ళ మోటారు విప్పుతాడు. నేను వద్దన్నా వినడు. "అక్కా, చేతులు ఊకుంటలెవ్వు" అంటాడు.

సైనికుడి ఇంట్లో డబ్బుకు ఇబ్బందేమిటని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. జీతం వస్తుంది, నిజమే. అందులోంచి ఊళ్ళో వేసిన స్లాబు అప్పూ, చనిపోయిన మామగారి దవాఖాన అప్పూ పోతాయి. మిగిలినది ఆయన ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా ఆయన ఫోనులో ఉంటుంది. ఆ ఫోను లోయలో రాళ్ళ మధ్య ఉంది.

కబురు బుధవారం పొద్దున వచ్చింది. నేను కూరగాయల బండి దగ్గర బేరమాడుతుంటే ఆమె మెట్ల మీదనుంచి "అక్కా" అని పిలిచి ఊరుకుంది. ఆ ఊరుకోవడంతో నేను వంకాయలు బండిలోనే వదిలేసి పైకి వెళ్ళాను. యూనిట్ నుంచి ఎవరో మాట్లాడారట. మిలటరీ ఆసుపత్రిలో ఉన్నాడు, స్పృహ ఉంది, కుడికాలు నుజ్జయింది, ఇన్ఫెక్షన్ పెరుగుతోంది. శనివారం పెద్ద ఆపరేషన్. రైలుకు వారెంటు పంపుతాం, కానీ రైల్లో వస్తే ఆలస్యమవుతుంది, వీలైతే విమానంలో రండి, అక్కడ దిగితే మా బండి వస్తుంది, ఖర్చు సంగతి తర్వాత చూసుకుందాం అన్నారు. చివర్లో ఒక మాట అన్నారట: "ఆపరేషన్‌కు ముందే రావడం మంచిది." ఆసుపత్రుల్లో కాస్త తిరిగినవాళ్ళెవరికైనా ఆ మాటకు అర్థం తెలుస్తుంది.

"బట్టలు సర్దుకో. టికెట్ నేను కొంటాను," అన్నాను.

అప్పటికప్పుడు కొని ఉంటే ఈ కథే లేదు. నేను ఫోన్ తీసేలోపు మా సంఘం అధ్యక్షుడుగారు మెట్లెక్కి వచ్చారు. కబురు ఆయనకు ఎలా చేరిందో తెలియదు, మా కాలనీలో కబురుకు కాళ్ళు అవసరం లేదు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, మా గోదావరి వైపువారే, మర్యాదకు లోటు లేదు. గుమ్మంలోనే నిలబడి, "అమ్మా, మీరు ఒంటరివారు కాదు. కాలనీ మీ వెనక ఉంది. ఒక్క రూపాయి కూడా మీరు పెట్టద్దు. మేడమ్ గారూ, మీరు కూడా. ఇది అందరి బాధ్యత," అన్నారు. నిజం చెప్పాలంటే టికెట్ కొనే మాట అప్పుడు నేనే పక్కన పెట్టాను. మంచి మాటే కదా.

మంచి మాటకు తోక సాయంత్రానికి బయటపడింది. ఆదివారం పొద్దున వేదిక వేస్తారట. చందా మొత్తం ఆమె చేతికి అందరి ముందూ ఇస్తారట. ముఖ్య అతిథిగా పక్క రోడ్డులో ప్రైవేటు స్కూలు నడిపే ఆయన వస్తారట. పిల్లకు పదో తరగతి దాకా ఫీజు లేకుండా చదువు చెప్పిస్తానని ఆ వేదిక మీదే ప్రకటిస్తారట. ఆయన ఆదివారం తప్ప ఖాళీగా ఉండరట. ఆదివారం సాయంత్రం విమానానికి టికెట్ సంఘమే కొంటుందట.

"శనివారం ఆపరేషన్ అయితే ఆదివారం పంపడమేమిటి? పిచ్చా వీళ్ళకు?" అన్నాను నేను.

ఆమె పిల్ల జడ విప్పి మళ్ళీ అల్లుతోంది. తల ఎత్తకుండానే అంది: "అక్కా, నేను గుడ ఆలోచన చేసిన. ఆయనకు ఏం గాకపోతే ఆదివారం పోయినా కండ్లార చూస్త. ఏమన్న అయితే మాత్రం..." ఆగింది. "ఏమన్న అయితే ఈ పిల్ల సదువు ఎవరు జూడాలె? స్కూల్ సార్ ఇస్తనన్నది నేను స్టేజి మీద లేకుంటే ఎవరికిస్తడు? ఇప్పుడు నీ పైసలు తీస్కోని పోతే, కాలనీ మాట కాదని పోయిందంటరు. మల్ల నా మొఖం చూస్తరా?"

నాకు కోపమొచ్చింది. ఆమె మీద కాదు. భర్త బతుకుతాడో లేదో తెలియని రోజున ఒక ఆడమనిషిని కూర్చోబెట్టి ఇంత చక్కగా ఆలోచించేలా చేసిన వాళ్ళ మంచితనం మీద.

గురువారం సాయంత్రం సంఘం గదికి వెళ్ళాను. వాటర్ ట్యాంకు కింద గది, ఒక ఫ్యాను, దాని కింద కుర్చీ ఎప్పుడూ అధ్యక్షుడుగారిది. కమిటీ వాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు.

"ఆమెను రేపే పంపించండి. వేదిక తర్వాత పెట్టుకోండి," అన్నాను.

"మేడమ్ గారూ, ఆవేశం వద్దండీ. దేనికైనా ఒక పద్ధతి ఉంటుంది కదా," అన్నారు అధ్యక్షుడుగారు.

"ఇన్ఫెక్షన్‌కు పద్ధతి తెలీదండీ."

"అది కాదండీ. చందా ఇచ్చినవాళ్ళకు తామిచ్చింది చేరినట్టు కనపడాలి. వానలకు గుడిసెలు కూలినప్పుడు పోగుచేసి గుట్టుగా ఇచ్చాం. ఏమన్నారు? మేం తినేశామన్నారు. మీ వీధివాళ్ళే అన్నారు. అప్పటినుంచి ఏదిచ్చినా వేదిక మీదే."

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మా వీధివాళ్ళు అన్నారు, నేను విన్నాను. ఇచ్చేవాడి చేతిని కూడా జనం ఊరికే వదలరు. కానీ ఒకరి అనుమానం తీర్చడానికి ఇంకొకరి ప్రాణం ఎదురుచూడాలంటే ఎలా?

"సరే, ఆమె తిరిగొచ్చాక ఇవ్వండి, అందరి ముందే."

"అప్పటికి జనంలో ఆ వేడి చల్లారిపోతుందండీ," అన్నారాయన, చాలా నిజాయితీగా.

"జనంలో వేడి నిలబడాలని ఆయన జ్వరం తగ్గకుండా ఉండాలా?"

ఇద్దరు నవ్వారు. అధ్యక్షుడుగారు నవ్వలేదు. పక్కనున్న ప్లాట్ల వ్యాపారి కల్పించుకుని, "అక్కా, నువ్వు ఊకె గరమ్ గాకు. శాలువ గుడ తెచ్చినం, జర మంచిదే," అన్నాడు.

శాలువ! మా వైపు సన్మానం అంటే శాలువ. కాలేజీ నుంచి రిటైరైన రోజు నాకు కప్పిన శాలువ ఇప్పటికీ బీరువాలో ఉంది. దాన్ని నేను ఇంకొకరికి కప్పాను, వాళ్ళు వేరొకరికి కప్పారు, చివరికి మా తోడికోడలు ఇంటి పెళ్ళిలో మళ్ళీ నా భుజాల మీదికే వచ్చింది. చలిలో కప్పుకున్న పాపాన ఒక్కరూ పోలేదు. కొండల్లో భర్త పడి ఉంటే, ఎండాకాలంలో ఆమెకు శాలువ.

నేను లేచి వచ్చేస్తుంటే అధ్యక్షుడుగారు, "ఆ యూనిట్ వాళ్ళ నంబరు మాక్కూడా ఇమ్మనండి, వివరాలు ధ్రువపరచుకోవాలి కదా," అన్నారు. ఆమె ఆ రాత్రే నంబరు పంపింది. ఈ నంబరు సంగతి గుర్తుపెట్టుకోండి. మర్నాడు మా ప్రాణాలు తీసింది అదే.

శుక్రవారం పొద్దున నేను పోపు వేస్తుంటే కాలనీ కమాను వైపునుంచి ఒక అరుపు వినబడింది. మనిషి గొంతు అని తెలియడానికి కాసేపు పట్టింది. గరిటె పట్టుకునే పరుగెత్తాను. కమాను కింద, దుమ్ములో, ఆ అమ్మాయి అత్తగారు కూర్చుని రెండు చేతులతో నేలను కొడుతోంది. కొడుకు సంగతి విని మనవరాలి దగ్గర ఉందామని మంఖాల్ నుంచి షేర్ ఆటోలో వచ్చింది. దిగి తలెత్తింది. అంతే.

పైన, కమానుకు అడ్డంగా, కొత్త ఫ్లెక్సీ. కుడివైపు కమిటీవాళ్ళు వరసగా నమస్కారాలు పెడుతున్నారు. అధ్యక్షుడుగారి ముఖం అందరికంటే పెద్దది. ఎడమవైపు యూనిఫాంలో ఆ అబ్బాయి. పైన "మా వీర జవాను కుటుంబానికి కాలనీ వాసుల ఆర్థిక చేయూత" అని రాశారు. రాతలో తప్పేమీ లేదు. కానీ ఆ అబ్బాయి ఫోటో చుట్టూ బంతిపూల దండ ఉంది. ఫోటో కింద ఇత్తడి కుంది, కుందిలో వెలుగుతున్న దీపం.

ఆవిడకు చదువు రాదు. దండా దీపమూ చదవడానికి చదువు అక్కరలేదు.

"పంతులమ్మా, నా కొడుకు పోయిండా? నాకెందుకు చెప్పలే? పిల్ల దగ్గరికి రమ్మని గిట్ల పిలుస్తరా?" అంటూ నా కాళ్ళు పట్టుకుంది. పోలేదు పెద్దమ్మా, పోలేదు అంటున్నాను గానీ నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

ఈలోగా ఆ అమ్మాయి వచ్చింది. అరవలేదు. ఫ్లెక్సీ కేసి చూసి నిలబడిపోయి, చాలా మెల్లగా అడిగింది: "అక్కా, వీళ్ళకు ఫోన్ వచ్చిందా? నిన్ననే కద నంబర్ ఇచ్చిన. నాకు చెప్పలేక వీళ్ళకు చెప్పిండ్రా?"

అదీ ఆ నంబరు చేసిన పని. అంతవరకూ ఎవరో బుద్ధిలేనివాడు చేసిన తప్పు అని నేను అనుకుంటున్నాను. ఆమె మాటతో నాకూ అనుమానం పట్టుకుంది. అధ్యక్షుడుగారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. యూనిట్ నంబరుకు చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేస్తే అదీ లేదు, కవరేజీ లేదని హిందీలో చెప్పే గొంతు.

ఇద్దరినీ ఇంటికి నడిపించుకొచ్చాను. మేం మెట్లెక్కేసరికే వాకిట్లో ఆడవాళ్ళు పోగయ్యారు. ఎవరో ఫ్లెక్సీ ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. మరెవరో దాని కింద రెండు చేతులు జోడించిన బొమ్మలు వరసగా పెట్టారు. ఆ ఫోటో మంఖాల్ చేరింది, అక్కడినుంచి చుట్టాలు బయల్దేరామని ఫోన్లు. పక్కింటి పెద్దావిడ, మనసు మంచిదే, నేరుగా ఆ అమ్మాయి వంటగదిలోకి వెళ్ళి ఉడుకుతున్న అన్నం గిన్నె కింద గ్యాసు ఆర్పేసి వచ్చింది. చావు కబురు వచ్చిన ఇంట పొయ్యి మండకూడదు కదా. "ఇగ ఇయ్యాల పొయ్యేందమ్మా, మేం తెస్తం తియ్యి," అంది. ఇంకొకావిడ ఆ అమ్మాయి చేతి గాజుల వైపు చూసింది. నేను ఆమె చూపు మీద చూపు పెట్టాను. ముఖం తిప్పుకుంది.

ఆ అమ్మాయి గోడకు ఆనుకుని, ఒకే నంబరును మళ్ళీ మళ్ళీ నొక్కుతోంది. పైన విమానం దిగుతున్న చప్పుడు. మేం రోజూ దాన్ని విననైనా వినం. ఆవేళ ఆ చప్పుడు పోయేదాకా అందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం, ఆ మోతలో ఫోను మోగితే వినబడదేమోనని.

చివరికి అవతలివాళ్ళే చేశారు. ఆమె స్పీకర్ పెట్టింది. భర్తకు తోడుగా ఉన్న సిపాయి ఎవరో, మా బజార్లో వినబడే హిందీ కాకపోయినా అర్థమయ్యే హిందీలో, "వదినా, ఎక్కడున్నారు?" అన్నాడు.

ఆమె జవాబు చెప్పలేదు. "భయ్యా, జిందా హై నా?" అని అడిగింది. బతికే ఉన్నాడు కదా అని.

"ఇదేం ప్రశ్న వదినా? ఉన్నాడు. ఆపరేషన్ ముందు ఏమీ తాగకూడదంటే చాయ్ ఇవ్వమని నర్సుతో కొట్లాడుతున్నాడు. జ్వరం పెరిగింది, రేపు మధ్యాహ్నం దాకా ఆగేది లేదంటున్నారు, తెల్లారగానే లోపలికి తీసుకెళ్తారు. మీరు బయల్దేరారా లేదా? నిన్నటినుంచి తలుపు వైపే చూస్తున్నాడు."

అత్తగారికి హిందీ రాదు. "ఏమంటుండు, ఏమంటుండు?" అని కోడలి కొంగు గుంజుతోంది. "చాయ్ కోసం లొల్లి వెడ్తుండంట అత్తమ్మా," అని చెప్పి ఆ అమ్మాయి మొదటిసారి ఏడ్చింది. ముసలావిడ మాత్రం ఏడుపు ఆపేసింది. "మా వాడే. వాడే, పంతులమ్మా. చాయ్ లేకుంటే ఆగడు," అంది.

అప్పుడు ఆ అమ్మాయి చేసిన పని నేను మరిచిపోలేను. లేచి, ముఖం తుడుచుకుని, వంటగదిలోకి వెళ్ళి పొయ్యి మళ్ళీ వెలిగించింది. అన్నం గిన్నె పక్కన చాయ్ పెట్టింది. పొయ్యి ఆర్పిన పెద్దావిడకే మొదటి గ్లాసు ఇచ్చింది. తర్వాత నావైపు తిరిగి, "అక్కా, టికెట్ కొను," అంది.

నేను కొంటూ ఉండగానే అధ్యక్షుడుగారు వచ్చారు. ముఖంలో నెత్తురు లేదు, పాపం. చేతులు జోడించి, "చాలా పొరపాటండీ. ఫ్లెక్సీ షాపువాడి తప్పు. ఆ దీపం మీద స్టిక్కర్ వేయిస్తున్నాం, మధ్యాహ్నానికల్లా కనపడదు," అన్నారు.

"స్టిక్కర్ వద్దు. విప్పించండి," అన్నాను.

"ఆదివారం దాకా ఉండాలి కదండీ."

ఆ అమ్మాయి సంచిలో బట్టలు కుక్కుతూనే అంది: "సార్, ఆదివారం నేనుండను. ఇప్పుడే పోతున్న."

ఆయన గొంతు తగ్గించారు. "అమ్మా, ఒక్కసారి ఆలోచించుకోండి. స్కూలువారు మీ పాప కోసమే ప్రత్యేకంగా వస్తున్నారు. మీరు లేకపోతే నేను వారికి ఏమని చెప్పను? పాప భవిష్యత్తు కదమ్మా."

సంచి జిప్పు మీద ఆమె చేయి ఆగింది. ఆ రెండు రోజులుగా నేను భయపడింది ఆ ఆగడం గురించే. మళ్ళీ లెక్క వేస్తుంది, మళ్ళీ ఉండిపోతుంది అనుకున్నాను. మధ్యలోకి దూరబోయి, ఎందుకో మొదటిసారి నోరు మూసుకున్నాను. అది నా నిర్ణయం కాదు.

"ఏమని చెప్తవు సార్?" అందామె. "దాని పెనిమిటి బతికుండు, ఆయన్ని చూడనీకి పోయింది అని చెప్పు. గంతే."

ఆయన ఇంకేదో అనబోయారు. ముసలావిడ లేచింది. "ఓ సారూ, నా కొడుక్కు దీపం వెట్టిన చేతులతోని నా మనుమరాలికి సదువు వెడ్తవా? మాకు నీ సదువు వద్దు, నీ శాలువ వద్దు. ముందుగాల గా బొమ్మ దించు. దించేదాక నేను ఈడికెల్లి కదల, నిన్ను కదలనియ్య."

దించేవాళ్ళెవరూ దొరకలేదు. కట్టినవాళ్ళు పనికి పోయారట. నేనే కూరగాయల కత్తి తీసుకున్నాను. మా ఆయన ఎయిర్‌పోర్టు కార్గోలో షిఫ్టు ముగించుకుని అప్పుడే బండి దిగుతున్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచి నా పోట్లాటల్లో ఏనాడూ తలదూర్చని మనిషి, నా చేతిలో కత్తీ వెనకాల జనమూ చూసి, "ఎవరిని?" అన్నారు. విషయం విని, మాట్లాడకుండా నిచ్చెన తెచ్చి పట్టుకున్నారు. నేనెక్కి తాళ్ళు కోశాను. ఫ్లెక్సీ సగం ఊడి కమిటీవాళ్ళ ముఖాల మీదుగా వేలాడింది, తర్వాత పూర్తిగా కింద పడింది. ముసలావిడ నా చేతిలోంచి కత్తి తీసుకుని, కూర్చుని, ఓపిగ్గా కొడుకు ముఖం చుట్టూ కోసింది. దండ రాకుండా, దీపం రాకుండా. ఆ ముక్కను చుట్టి చంకలో పెట్టుకుంది.

విమానాశ్రయానికి మా ఆయన బండి నడిపారు. ఇన్నేళ్ళుగా మా మేడమీద బట్టలారేస్తూ విమానాల పొట్టలు చూసిన మనిషికి విమానం ఎక్కడం అదే మొదలు. గేటు దాటి లోపలికి మాకు ప్రవేశం లేదు. "అక్కా, లోపట ఎవర్ని అడగాలె?" అంది. "యూనిఫాం కనపడితే అడుగు, సిపాయి భార్యనని చెప్పు," అన్నాను. గేటు దగ్గరి జవాను ఆమె కాగితం చూసి, ముఖం చూసి, ఏదో అడిగాడు. ఆమె చెప్పింది. అతను తన చోటు ఇంకొకరికి అప్పగించి, ఆమె సంచి తానే పట్టుకుని లోపలికి నడిచాడు. వేదిక లేదు, మైకు లేదు. నేను చూసిన సాయం అది.

ఆమె చేరింది. ఆపరేషన్‌కు ముందే చూసింది. ఆయన మొదట అడిగిన మాట "చాయ్ తెచ్చినవా?" అట. కాలు మోకాలి కింద తీసేశారు. మనిషి దక్కాడు.

ఆదివారం వేదిక ఆగలేదు. పిలిచిన అతిథిని వద్దనలేరు కదా. ముందు వరసలో ఒక కుర్చీలో ఆ అబ్బాయి ఫోటో పెట్టి, దాని మీద శాలువ కప్పి, చప్పట్లు కొట్టారు. ఆసుపత్రిలో గంజి తాగుతున్న మనిషి ఫోటోకు. నేను చివరి వరసలో కూర్చుని అంతా చూశాను. పోగైన చందా తర్వాత ఆమె ఖాతాకు చేరింది, కాదనను. అది మందులకూ, నెలల తరబడి వెళ్ళిరావడానికీ ఆదుకుంది. యూనిట్‌లో తోటివాళ్ళు తమలో తాము వేసుకుని పంపినది అంతకు ముందే చేరింది, ఎవరూ ఫోటో అడగలేదు.

స్కూలాయన మాత్రం మాట మార్చాడు. ఆమె తిరిగొచ్చి పిల్లను తీసుకుని వెళ్తే ఆఫీసులో కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, "మా పథకం అమరవీరుల పిల్లలకేనమ్మా, దేవుడి దయవల్ల మీవారు క్షేమంగా ఉన్నారు కదా," అన్నాడట. ముసలావిడకు ఆ మాట చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. "అంటే ఏందంట? నా కొడుకు సావాల్నంటనా ఫీజు మాఫీకి?" అంది. పిల్ల ఇప్పుడు సర్కారు బడికి వెళ్తోంది. బాగానే చదువుతోంది.

నా నోరు ఊరుకోదు కాబట్టి ఒకరోజు శంషాబాద్ బజార్లో ఆ ఫ్లెక్సీ షాపుకు వెళ్ళాను. "ఏం భాయ్, బతికున్న మనిషికి దీపం పెడతావా?" అని అడిగాను.

"అరే మేడం, నా మీదెందుకు గుస్సా? జవాన్ డిజైన్ నా దగ్గర ఒక్కటే ఉన్నది. అందరు గదే అడుగుతరు."

"దీపం లేనిది లేదా?"

"ఎవడన్న అడిగితే కద మేడం చేసేది! లీడర్‌లవి చూపెట్టాల్నా, బర్త్‌డేలవి చూపెట్టాల్నా? కుప్పలున్నయి. బతికున్న జవాన్‌కు ఫ్లెక్సీ కొట్టియ్యనీకి ఇప్పటిదాక ఒక్కడు రాలే నా దుకాణానికి. కసం, ఒట్టు."

నేను మెత్తబడ్డాననుకున్నాడేమో, ఇంకో మాట జోడించాడు. "అయినా నేను అడిగిన మేడం. డిజైన్ మీ ప్రెసిడెంట్ సార్‌కు ఫోన్‌ల పంపిన. 'సార్, దియా, గా దీపం, ఉంచాల్నా, తీసెయ్యాల్నా?' అని అడిగిన. 'ఉండనియ్యి' అన్నడు."

ఆ అబ్బాయి ఇప్పుడు కృత్రిమ కాలుతో కమాను దాకా నడిచి వస్తాడు. స్టూలు వేసుకుని మా మోటారు మళ్ళీ విప్పాడు. అధ్యక్షుడుగారు ఎదురైతే నమస్కారం పెడతాడు, ఆయన ఇతని భుజం తట్టి పక్కవాళ్ళతో, "మా జవాను! మేమే విమానం ఎక్కించి పంపాం వాళ్ళావిడని," అంటారు. ఈ అబ్బాయి నవ్వి ఊరుకుంటాడు. ఆ అమ్మాయి నాతో, "ఇగ ఇడిసిపెట్టక్కా, పొయ్యిందేదో పొయ్యింది," అంటుంది. ఆమెకు విడిచిపెట్టే హక్కుంది. నాకు లేదు. సంఘం మీటింగు జరిగిన ప్రతిసారీ లేచి నిలబడి అడుగుతున్నాను. "అయిపోయింది కదండీ, చివరికి మంచే జరిగింది కదండీ," అంటారు. అది జవాబు కాదు.

శనివారం ఆపరేషన్, ఆదివారం వేదిక అని మీకు తెలుసు. యూనిట్ నంబరు మీ చేతిలో ఉంది. షాపువాడు ఉంచాలా తీసెయ్యాలా అని అడిగినప్పుడు "ఉండనియ్యి" అన్నారు. అధ్యక్షుడుగారూ, ఆ దీపాన్ని మీరు సరిగా చూడకుండా అన్నారా, లేక ఆదివారానికి అది పనికొస్తుందనుకుని అన్నారా?